మిస్సమ్మ చేరిన సొంత ఊరు



సొంత ఊరికి తిరిగి రావడమన్నది కథలకు చాలా పాత వస్తువు. వనవాసం ముగించుకుని రాముడు అయోధ్యకు వచ్చిన నాటినుంచీ ఈ కథ మనకు కొత్త కాదు. మన సినిమాల్లో కూడా ఇది తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. కథానాయకుడు పట్నంలో చదువుకుని ఊరికి వస్తాడు. బండి దిగగానే చెరువుగట్టూ, గుడిగోపురమూ, చిన్ననాటి నేస్తమూ కనిపిస్తాయి. ఇంటిదగ్గర తల్లి హారతి పళ్ళెంతో ఎదురొస్తుంది. వచ్చినవాడికి ఊరు గుర్తుంటుంది, ఊరికి అతను గుర్తుంటాడు.

ఈ పద్ధతిని పూర్తిగా తిరగేసిన హాస్యచిత్రం ఒకటుంది. అందులో కథానాయిక తన సొంత ఊరికే వస్తుంది, కానీ అది తన ఊరని ఆమెకు తెలియదు. సొంత ఇంట్లోనే అద్దెకు దిగినట్టు దిగుతుంది. కన్నతల్లి ప్రేమగా బొట్టు పెట్టబోతే విసుక్కుంటుంది. నెల తిరిగేసరికి కన్నతండ్రి చేతినుంచే జీతం పుచ్చుకుంటుంది. ఆ చిత్రం మీ అందరికీ తెలిసినదే, 1955 జనవరిలో సంక్రాంతి రోజుల్లో విడుదలైన విజయా వారి 'మిస్సమ్మ'.

మిస్సమ్మను మనం సాధారణంగా వెన్నెల పాటల చిత్రంగానో, రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు కలిసి నటించిన చిత్రంగానో గుర్తు పెట్టుకుంటాం. ఈనాటి ప్రసంగంలో దాన్ని సొంత ఊరికి తిరిగి వచ్చిన కథగా చూడాలని నా ప్రయత్నం. తరతరాలుగా తెలుగునేలకు బయట ఉంటున్న మనలాంటివారికి ఈ కథలో ప్రత్యేకంగా తీసుకోదగిన సంగతి ఉందని నాకనిపిస్తుంది.

ముందు కథను ఒక్కసారి నెమరువేసుకుందాం. అప్పాపురం జమీందారు గోపాలంగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి మహాలక్ష్మి పసితనంలో తప్పిపోయింది. ఆ పిల్ల జ్ఞాపకార్థం ఆయన ఊళ్ళో ఆమె పేరుతో ఒక బడి పెట్టారు. బడి సరిగా నడవడం లేదు. దాంతో, భార్యాభర్తలిద్దరూ బి.ఏ. చదివిన ఉపాధ్యాయులు కావాలని పత్రికలో ప్రకటన వేయించారు.

ఆ ప్రకటన మద్రాసులో ఇద్దరు నిరుద్యోగుల కంటపడింది. ఒకరు ఎం.టి. రావు, మరొకరు మేరీ. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఇద్దరికీ బి.ఏ. పట్టాలున్నాయి గాని మూడుముళ్ళు మాత్రం పడలేదు. మేరీ తండ్రి పాల్ అప్పులో ఉన్నాడు. అప్పిచ్చిన డేవిడ్ ఆ వంకతో మేరీని పెళ్ళి చేసుకోవాలని చూస్తున్నాడు. అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి మొగుడు కావాలి. ఇక చేసేది లేక ఇద్దరూ దంపతులమని చెప్పి అప్పాపురం చేరారు. ఆ మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి. తన పేరు పెట్టిన బడిలోనే ఆమె పంతులమ్మగా చేరిందన్నమాట!

ఇంతకన్నా చమత్కారం మరొకటుంది. జమీందారుగారి మేనల్లుడు రాజు తనను తాను పెద్ద డిటెక్టివు అనుకుంటాడు. మహాలక్ష్మిని వెతికి పట్టుకోవడమే అతని జీవితాశయం. అతని దగ్గరున్న ఆధారం ఆమె కాలిమీది పుట్టుమచ్చ. అతను లోకమంతా అనుమానంగా చూస్తుంటాడు. వెతికే మనిషి అదే ఇంటి ఆవరణలో తిరుగుతూ అతనితోనే మాట్లాడుతుంటుంది. దేవదాసు వంటి విషాదపాత్ర తరువాత నాగేశ్వరరావుగారు ఈ హాస్యపాత్రను కోరి తీసుకున్నారు. వెతుకుతున్నది కళ్ళెదుటే ఉన్నా కనిపించని ఆ అమాయకత్వాన్ని ఆయన ఎంతో హాయిగా పోషించారు.

ఇప్పుడు ఈ కథ ఎక్కడిదో చూద్దాం. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు ఉపాధ్యాయుల కథను రవీంద్రనాథ్ మైత్ర 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్' అనే పేరుతో బెంగాలీలో హాస్యనాటకంగా రాశారు. 1935లో అది బెంగాలీలోనే చలనచిత్రంగా వచ్చింది. మన దగ్గరకు దాన్ని తెచ్చినవారు చక్రపాణిగారు. తెనాలి ప్రాంతానికి చెందిన ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలను తెలుగు పాఠకులకు అందించినవారు. కడప జిల్లానుంచి వచ్చిన బి. నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో 'చందమామ'ను ప్రారంభించారు. అది కూడా తెలుగుతోపాటు తమిళంలో 'అంబులిమామ'గా మొదలైంది. ఒకే కథను రెండిళ్ళలో వడ్డించడం ఆ ఇద్దరికీ అప్పటికే అలవాటైన పని.

మిస్సమ్మకు కూడా ఆ పద్ధతే పాటించారు. మద్రాసు వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో తెలుగు 'మిస్సమ్మ'నూ, తమిళ 'మిస్సియమ్మ'నూ ఏకకాలంలో తీశారు. రెండింటికీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌గారే. ఏలూరు దగ్గరి పల్లెలో పుట్టిన ప్రసాద్‌గారు తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లోనూ, తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ వేషాలు వేసిన మనిషి. మూడు భాషల టాకీలు పుడుతుండగా చూసినవారన్నమాట. ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లీది. ఆయన ఆంగ్లో ఇండియన్. సంగీతం సాలూరు రాజేశ్వరరావుగారిది. తెలుగు పాటలు పింగళి నాగేంద్రరావుగారివి, తమిళ పాటలు తంజై రామయ్యదాస్‌వి.

నటీనటుల పంపకం ఇంకా సరదాగా ఉంటుంది. మేరీగా సావిత్రి, జమీందారుగా ఎస్.వి. రంగారావు, ఆయన భార్యగా ఋష్యేంద్రమణి, చిన్నకూతురుగా జమున రెండు భాషల్లోనూ ఉన్నారు. రామారావుగారి పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ ధరించారు. నాగేశ్వరరావుగారి డిటెక్టివు పాత్ర తంగవేలుకు వెళ్ళింది. రమణారెడ్డిగారు వేసిన డేవిడ్ పాత్ర నంబియార్‌కు దక్కింది. నాయకుడి ముఖం మారినా పాట పాడే గొంతు మారలేదు. తెలుగులో రామారావుగారికీ, తమిళంలో గణేశన్‌గారికీ పాడినది ఎ.ఎం. రాజాగారే. చిత్తూరు జిల్లాలో పుట్టి రెండు భాషల్లోనూ అంతే మెత్తగా పాడిన గొంతు అది. పి. లీలగారేమో కేరళనుంచి వచ్చినవారు. జమునగారు హంపిలో పుట్టి గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగారు. కర్ణాటకలోని మన శ్రోతలకు ఈ సంగతి సంతోషం కలిగిస్తుందనుకుంటాను.

మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిగారిని. కొంతభాగం చిత్రీకరణ కూడా జరిగాక నిర్మాతలకూ ఆమెకూ పొసగక ఆమె తప్పుకున్నారు. చిన్నకూతురు వేషానికని తీసుకున్న సావిత్రిని అప్పుడు పెద్దకూతుర్ని చేశారు. ఆమె ఖాళీ చేసిన చోటికి జమున వచ్చారు. తెర వెనక కూడా ఆ ఇంటి పెద్దమ్మాయి కోసం కొంత వెతుకులాట జరిగిందన్నమాట.

తరువాత 1957లో ఇదే కథ ఎ.వి.ఎం. వారి నిర్మాణంలో, ప్రసాద్‌గారి దర్శకత్వంలోనే హిందీలో 'మిస్ మేరీ'గా వచ్చింది. మీనాకుమారి మేరీ అయ్యారు, జెమినీ గణేశన్ నాయకుడయ్యారు, డిటెక్టివు వేషం కిషోర్ కుమార్ వేశారు. జమునగారు అక్కడా చిన్నకూతురే. అలా కలకత్తానుంచి బయలుదేరిన ఒక హాస్యకథ మద్రాసులో రెండు భాషలు నేర్చుకుని ఉత్తరాదికి వెళ్ళింది.

ఇక్కడ ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ఆత్మార్పణ చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం మాత్రం మనకు రాలేదు. ఆ తరువాత పదిహేను నెలలకు మిస్సమ్మ విడుదలైంది. అంటే ఆ చిత్రానికి పనిచేస్తున్న రోజుల్లో మద్రాసులోని తెలుగువారి ఇళ్ళలో వినిపిస్తున్న ప్రశ్న ఒక్కటే. ఉండాలా, ఊరికి వెళ్ళిపోవాలా? ఉద్యోగాలు, అచ్చాఫీసులు, స్టూడియోలు ఇక్కడున్నాయి. సొంత రాష్ట్రమేమో అక్కడుంది.

చిత్రం తీసినవాళ్ళు కూడా చాలామంది ఊరు విడిచి వచ్చినవాళ్ళే. నాగేశ్వరరావు, రామారావు కృష్ణాజిల్లా పల్లెలనుంచి వచ్చారు. సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. రాజేశ్వరరావుగారిది సాలూరు ప్రాంతం. వీళ్ళంతా కలిసి మద్రాసు స్టూడియోలో వెదురుతడికలతో, అట్టగోడలతో ఒక తెలుగు పల్లె కట్టుకున్నారు. తెలుగు షాటు అయ్యాక తమిళ షాటు తీస్తే అదే పల్లె తమిళపల్లె అయిపోయింది. రాష్ట్రవిభజన గురించి మిస్సమ్మలో ఒక్కమాట కూడా లేదు. చక్రపాణిగారు ఆ ఉద్దేశంతో తీశారని నేను అనను. అయితే పట్నంలో నిలువనీడ లేని ఇద్దరు చదువుకున్నవాళ్ళు బతుకుతెరువు కోసం ఊరికి ప్రయాణమయ్యే కథను ఆనాటి ప్రేక్షకులు ఎందుకంత దగ్గరగా తీసుకున్నారో ఊహించవచ్చు. మొదటి పంచవర్ష ప్రణాళిక నడుస్తున్న కాలం అది. చదువుకున్నవారి నిరుద్యోగం అప్పటికే ఇంటింటి మాటగా ఉండేది.

మళ్ళీ అప్పాపురం వెళదాం. ఉపాధ్యాయుణ్ణి కనుక నా దృష్టి ఆ బడిమీద పడుతుంది. మేరీ ఆ ఊరి మనిషి ఎలా అయింది? పుట్టుమచ్చ వల్ల కాదు. పుట్టుమచ్చ బయటపడేది చివర్లో. అప్పటికే ఆమె ఆ బడిలో పాఠాలు చెప్పింది. జమీందారు దంపతులు ఆమెను కూతురిలా, రావును అల్లుడిలా చూసుకున్నారు. వాళ్ళ ఆదరణ ఆమెకు మొదట ఇబ్బందిగా తోచింది. కుంకుమ వద్దంది. పూజల మధ్య ఉండలేనంది. రావు చిన్నమ్మాయి సీతతో చనువుగా ఉంటే మాత్రం ఆమెకు మండింది. నటన కోసం కట్టుకున్న మొగుడిమీద అంత ఉడుకుమోత్తనం దేనికి? అక్కడే ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆమెకు తెలియకుండానే ఆమె మనసు ఆ ఇంట్లో వేళ్ళు పాతుకుంది.

ఇందులో ఒక లోకానుభవం ఉంది. సొంత ఊరనేది జ్ఞాపకంలో మాత్రమే ఉండేది కాదు. అలిగి, పోట్లాడి, పని చేసి, పదిమంది పిల్లలకు అక్షరం నేర్పితే అది మన ఊరవుతుంది. డిటెక్టివు రాజు దొరకబుచ్చుకున్న ఆధారం, అప్పటికే జరిగిపోయినదానికి రాజముద్ర వేసింది, అంతే.

మరోవైపు, ఆ ఊరు కూడా తన వంతు పని చేసింది. తప్పిపోయిన పిల్ల పేరును బడి పలకమీద రాసి ఉంచింది. ఆ పిల్ల ఉండవలసిన చోటును ఖాళీగా ఉంచింది. వచ్చినవాళ్ళు ఎవరో తెలియకముందే ఆదరించింది. పిల్ల మరిచినా ఊరు మరవలేదు.

ఇదే వస్తువును దాదాపు అర్ధశతాబ్దం తరువాత మరో చిత్రం తాకింది. 2004లో చేరన్ తమిళంలో తీసిన 'ఆటోగ్రాఫ్'. అదే సంవత్సరం తెలుగులో రవితేజ కథానాయకుడిగా 'నా ఆటోగ్రాఫ్' వచ్చింది. 2006లో కన్నడంలో సుదీప్ 'మై ఆటోగ్రాఫ్' తీశారు. అందులో కథానాయకుడు తన పెళ్ళి శుభలేఖలు పంచడానికి తాను పెరిగిన చోట్లకు బయలుదేరతాడు. అతనికి ప్రతి చెట్టూ గుర్తే, ప్రతి ముఖమూ గుర్తే. కాని అతను ప్రేమించినవాళ్ళ జీవితాలు ఎవరి దారిన వారివి అయిపోయాయి. మేరీకి ఏమీ గుర్తులేదు, ఊరు ఆమె చోటును కాపాడింది. ఇతనికి అన్నీ గుర్తున్నాయి, అతని చోటు ఇప్పుడు అక్కడ లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తిరిగి రావడానికి జ్ఞాపకం ఒక్కటే చాలదని బోధపడుతుంది.

ఇంత మెచ్చుకున్నాక మిస్సమ్మలో నాకు నచ్చని ముడి ఒకటి కూడా చెప్పాలి. మేరీ, రావుల మధ్య ఉన్న అసలు అడ్డు మతం. కథ చివర ఆమె పుట్టుకతో హిందువని, మహాలక్ష్మి అని తేలుతుంది. దాంతో అడ్డు దానంతటదే తొలగిపోతుంది. పెళ్ళికి ఎవరూ ఏ గీతా దాటనక్కర్లేదు. ఆమె నిజంగానే పాల్ కన్నకూతురై ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్నను చిత్రం తెలివిగా తప్పించుకుంది. 1955లో అందరూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళవలసిన చిత్రం కదా, అంతకన్నా ఆశించడం న్యాయం కాదేమో. కాని పాల్ సంగతి? పసిబిడ్డను తెచ్చి, పెంచి, ఆ రోజుల్లో ఆడపిల్లకు బి.ఏ. చెప్పించి, సంగీతం నేర్పించినవాడు ఆయన. అప్పాపురం మహాలక్ష్మికి జన్మనిచ్చింది, మద్రాసులోని పాల్ ఇల్లు ఆమెను పంతులమ్మను చేసింది. ఆ చదువు లేకపోతే ఆమె సొంత ఊరు చేరే దారే ఉండేది కాదు. ఈ సంగతిని చిత్రం గట్టిగా పలకదు గాని, కథ మాత్రం దానిమీదే నిలబడి ఉంది.

మనకు అక్కరకొచ్చే మాట ఇదేనని నా నమ్మకం. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్న తెలుగువాళ్ళకు సొంత ఊరు ఏది? కొందరి పూర్వులు విజయనగర కాలంలో, నాయకరాజుల కాలంలో మధురకూ తంజావూరుకూ తరలివచ్చారు. కొందరు మగ్గం పనికి షోలాపూరు వెళ్ళారు. మరికొందరు అసలు ఎక్కడికీ వెళ్ళలేదు, వాళ్ళున్నచోటే ఎల్లలు మారాయి. 1936 ఏప్రిల్ 1న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఒరిస్సాలో చేరాయి. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. 1954లో యానాం ఫ్రెంచి పాలననుంచి బయటపడి, నాలుగు వైపులా గోదావరి జిల్లా ఉన్నా పుదుచ్చేరిలో భాగంగానే నిలిచింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గుమ్మం దాటకుండానే బయటివాళ్ళయిన తెలుగువాళ్ళు వీళ్ళు.

మా వైపు బడి పిల్లల్ని "మీదే ఊరు?" అని అడిగితే తామున్న వీధి పేరు చెబుతారు. "మీ ఇంటిపేరేమిటి?" అని అడిగితే కొంచెం ఆలోచించి, ఎప్పుడూ చూడని ఒక తెలుగు పల్లె పేరు చెబుతారు. బడి రిజిస్టర్లో దానికి ఒక్క అక్షరమే చోటు. ఆ అక్షరం మేరీ కాలిమీది పుట్టుమచ్చలాంటిది. మోసేవాళ్ళకు దాని విలువ తెలియదు, చెరపబోయినా అది పోదు. అయితే పుట్టుమచ్చ ఉన్నంతమాత్రాన మహాలక్ష్మి అప్పాపురం మనిషి కాలేదని ఇందాకే చూశాం. ఇంటిపేరు ఉన్నంతమాత్రాన తెలుగు మనదైపోదు. మేరీ ఆ ఊళ్ళో పాఠం చెప్పినట్టు, మనం మన ఇంట్లో ఆ భాషను వాడాలి. పిల్లలకు ఒక కథ చెప్పాలి, ఒక ఉత్తరం రాయించాలి, అవ్వ మాట్లాడే మాటను వెక్కిరించకుండా వినిపించాలి.

ఆ పని చేసేటప్పుడు పాల్ ఇంటిని మరవకూడదు. మనకు అన్నం పెట్టి చదువు చెప్పిన తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ మనకు పెంచిన తండ్రులు. రెండు భాషల్లో పాఠం చెప్పే నాకు ఇది రోజూ అనుభవమే. తమిళంలో పద్యం రుచి తెలిసిన పిల్లవాడు తెలుగు పద్యాన్ని త్వరగా పట్టుకుంటాడు. ఒక భాష ఇంకో భాషకు అడ్డు పడదు, దారి చూపిస్తుంది. ఒకే సెట్టుమీద, ఒకే వెన్నెల దీపాల కింద రెండు భాషలు పలికించిన మిస్సమ్మ బృందానికి ఈ సంగతి బాగా తెలుసు.

ఈసారి మిస్సమ్మ చూసే అవకాశం కలిగితే పాటల వరకే ఆగకండి. మీకు తమిళం కూడా వచ్చి ఉంటే 'మిస్సియమ్మ'ను కూడా చూడండి. తన పేరున్న బడి గుమ్మంలోకి ఆ పంతులమ్మ ఏమీ తెలియకుండా అడుగుపెట్టినప్పుడు ఒక్క క్షణం ఆ బడి పేరును గమనించండి. అలా పేరు రాసి ఎదురుచూసే చోటు మన పిల్లల కోసం కూడా ఉండాలి. ఆ చోటును ఉంచవలసిన బాధ్యత ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలమీద ఎంత ఉందో, ఇక్కడున్న మన ఇళ్ళమీదా అంతే ఉంది.